కలకత్తాలో 1855 నాటి ఒక ఆట – ఖరిదాలో మా నాన్న బల్ల
(ప్రసంగ పాఠం)



నాకు ఇరవై నిమిషాలిచ్చారు. అందులో అయిదు నిమిషాలు ఈ మైకు తినేసింది. మిగిలిన కాలంలో ఒక్క ఆట గురించి చెప్పి కూర్చుంటాను.

సంగతి మీకు తెలిసిందే. ఈ ఏడు నుంచి మన సంఘం తరఫున జరిపే చదరంగం పోటీకి ఒక పేరు పెట్టాలనుకున్నాం. నేను మహేశ్‌చంద్ర బెనర్జీ పేరు సూచించాను. కమిటీలో ఒక మిత్రుడు, వారు నాకంటే సీనియరు, వెంటనే అడిగారు: "ఎవరండీ ఆయన? ఏం గెలిచాడు?" ఆయన పేరు చరిత్రలో నిలబెట్టిన ఆట ఓడిపోయిన ఆట అని చెప్పాను. అందరూ నవ్వారు. "సైనికుల సంఘం పెట్టే పోటీకి ఓడిపోయినవాడి పేరా?" అన్నారు. సమంజసమైన ప్రశ్నే. ఆ రోజు సరైన జవాబు చెప్పలేకపోయాను. రాసుకుని వచ్చి ఈ రోజు చెబుతున్నాను.

ముందు కాలం సంగతి. 1855 మే నెల. మనం కూర్చున్న ఈ ఖరగ్‌పూర్‌కు అప్పటికి రైలు లేదు, స్టేషను లేదు, వర్క్‌షాపు లేదు. హౌరా నుంచి హుగ్లీకి మొదటి రైలు నడిచి ఏడాది కూడా కాలేదు. మరో నెల గడిస్తే సంతాలుల తిరుగుబాటు, రెండేళ్ళు గడిస్తే సిపాయిల తిరుగుబాటు. అలాంటి రోజుల్లో ఇక్కడికి 115 కిలోమీటర్ల దూరంలో, కలకత్తాలో, ఇద్దరు మనుషులు చదరంగం బల్ల ముందు కూర్చున్నారు.

తెల్లపావుల వైపు జాన్ కాక్రేన్. 1798లో పుట్టిన స్కాట్లండ్ మనిషి. ఆయన గురించి చదివినప్పుడు నాకు సంతోషం కలిగించిన విషయం ఒకటుంది. ఆయన కూడా మనలాంటి మాజీ సర్వీసు మనిషే. కుర్రతనంలో బ్రిటిష్ నౌకాదళంలో పనిచేశాడు. నెపోలియన్ యుద్ధాలు అయిపోయాక దళాన్ని తగ్గించేశారు. ఉద్యోగం పోయింది. పెన్షన్ కాగితాలు పట్టుకుని కూర్చోకుండా న్యాయశాస్త్రం చదివి బారిస్టరయ్యాడు. 1822లోనే చదరంగం మీద ఒక పుస్తకం రాశాడు. 1824లో లండన్, ఎడిన్‌బరో క్లబ్బులు ఉత్తరాల మీద ఆట మొదలుపెడితే లండన్ జట్టులో ఆయనే ముఖ్యుడు. మధ్యలో కలకత్తాకు ఓడ ఎక్కేశాడు, వెనక మిగిలినవాళ్ళు ఆ ఆటను పాడుచేసుకున్నారు. ఆ తర్వాత 1869 దాకా, నడుమ రెండేళ్ళ సెలవు తప్పించి, జీవితమంతా కలకత్తా బారులోనే. అక్కడి చెస్ క్లబ్బులో ఆయనకు సమఉజ్జీ లేడు.

నల్లపావుల వైపు మహేశ్‌చంద్ర బంద్యోపాధ్యాయ. బెనర్జీ అని మనం అనేది ఈ ఇంటిపేరునే. ఆ పేరును ఇంగ్లీషువాళ్ళు ఒక్కో చోట ఒక్కో రకంగా రాశారు: మొహిషుందర్, మొహేశ్‌చందర్, బొనర్జీ. నేను చూసిన రెండు పుస్తకాలలో ఒకే మనిషి ఇద్దరు మనుషుల్లా కనబడ్డాడు. మన సర్వీసు పుస్తకాల్లో తెలుగు ఇంటిపేర్లకు పట్టిన గతి తెలిసినవాళ్ళకు ఇందులో ఆశ్చర్యమేమీ ఉండదు. ఈయన కలకత్తా మనిషి కాడు. మొఫస్సల్ బ్రాహ్మణుడు. జిల్లాలలో ఎక్కడో ఉండేవాడు. "ఫలానాచోట ఒక బ్రాహ్మణుడున్నాడు, ఇంతవరకూ ఆటలో ఓడలేదట" అని విని క్లబ్బువాళ్ళు వెతికి పట్టుకుని కలకత్తా తీసుకొచ్చారు. ఇది 1848 ప్రాంతపు మాట. అప్పటినుంచి ఆయనా కాక్రేనూ ఆడిన ఆటలు వందల లెక్కన ఉన్నాయి. కాక్రేన్ వాటిని రాసి ఉంచబట్టి, ఇంగ్లండులో అచ్చు వేయించబట్టి ఈ రోజు మనకు దక్కాయి. ఎక్కువ ఆటలు కాక్రేనే గెలిచాడు, అందులో దాపరికం లేదు. కానీ కలకత్తాలో ఆయనతో సమానంగా కూర్చుని ఆడగలిగినవాడు ఈ బ్రాహ్మణుడే అని క్లబ్బు మనిషి ఒకరు ఆ రోజుల్లోనే లండన్ పత్రికకు రాశారు.

ఇక్కడ ఆగి ఒక విషయం చెప్పాలి. పిల్లలకు ఇది తెలియకపోవచ్చు. మహేశ్‌చంద్ర ఎక్కడా ఓడలేదు అన్నారే, ఆయన ఓడనిది ఏ చదరంగంలో? మన నాటు చదరంగంలో. దానికీ ఇప్పటి చెస్సుకూ తేడా ఉంది. నాటు పద్ధతిలో బంటు మొదటి ఎత్తులో కూడా ఒక్క గడే నడుస్తుంది, రెండు గడులు దూకదు. రాజుకు కోట కట్టుకోవడం లేదు. దానికి బదులు ఆట మొత్తంలో ఒక్కసారి రాజు గుర్రం లాగా దూకవచ్చు. బంటు చివరి గడికి చేరితే మనకు కావలసిన పావు కాదు, ఆ వరసకు చెందిన పావే అవుతుంది. ఈ తేడాల వల్ల మన ఆట నడకే వేరు. బంట్లు ఒక్కో అడుగు వేస్తాయి కాబట్టి మొదటి పది పన్నెండు ఎత్తులదాకా సైన్యాలు ఎదురుపడవు. ఎవరి గట్టు వాళ్ళు కట్టుకుంటారు. గుర్రం ముందున్న బంటును ఒక్క గడి జరిపి ఆ సందులో శకటును కూర్చోబెట్టి, మూల నుంచి మూలకు చూపు సారించి పెట్టడం మనవాళ్ళకు అన్నం తిన్నంత సహజం. ఐరోపావాళ్ళు అప్పట్లో అలా ఆడేవారు కాదు. నడిమధ్య గడులలో బంట్లు నిలబెట్టాలి, దూకాలి, కొట్టాలి. వాళ్ళ పద్ధతి అది.

ఇప్పుడు మా నాన్న సంగతి. కమిటీ మిత్రులకు నేను జవాబు చెప్పలేకపోవడానికి కారణం ఇందులో ఉంది.

మా నాన్న శ్రీకాకుళం జిల్లా నుంచి బి.ఎన్.ఆర్. కాలంలో వచ్చి ఇక్కడి వర్క్‌షాపులో ఫిట్టరుగా చేరారు. నేను 1957లో ఇదే ఖరిదాలో అద్దె ఇంట్లో పుట్టాను. సాయంత్రం వర్క్‌షాపు కూత అయ్యాక నాన్న కాళ్ళు కడుక్కుని అరుగు మీద బల్ల పరిచేవారు. బల్ల అంటే కొన్నది కాదు. పాత టేకు చెక్క మీద సుద్దగీతలు గీసి, తర్వాత కాల్చిన ఇనపముక్కతో గళ్ళు కాల్చారు. పావులు వర్క్‌షాపు లేతు పనివాడు ఒకాయన స్నేహంకొద్దీ చేసిచ్చినవి. ఇచ్ఛాపురం వాళ్ళు, పలాస వాళ్ళు, ఒరియావాళ్ళు, బెంగాలీలు అందరూ ఆ అరుగు మీదికి వచ్చేవారు. ఆట సగంలో తగాదాలు. ఎందుకంటే మనం ఏనుగు అనేది మూలనున్న పావును. బెంగాలీలు దాన్ని నౌకా అంటారు, పడవ. వాళ్ళకు హాతి అంటే మన శకటు. "హాతి చలో" అని ఒకడంటే మా వైపువాడు ఏనుగు మీద చెయ్యి వేసేవాడు! ఇన్ని భాషల్లో, ఇన్నేళ్ళలో, ఖరిదాలో మా నాన్నను ఓడించినవాణ్ణి నేను చూడలేదు.

నాకు బడిలో ఒక బెంగాలీ మాస్టారు చెస్ నేర్పారు. పుస్తకం ఇచ్చారు. 1971లో, నాకు పద్నాలుగేళ్ళప్పుడు, ఒక సాయంత్రం నాన్న ఎదురుగా కూర్చుని రాజు ముందు బంటును రెండు గడులు దూకించాను.

నాన్న బల్లవైపు చూసి, "ఏట్రా ఇది? బంటు రెండు గడులెలా దూకీసింది?" అన్నారు.

"ఇప్పుడు ఆట ఇలాగే నాన్నా. పుస్తకంలో ఉంది."

కాసేపటికి కోట కట్టాను. "రాజూ ఏనుగూ ఒకే ఎత్తులో నడిచీసాయేటి!" అన్నారు. పుస్తకం తీసి చూపించాను. నాన్నకు ఇంగ్లీషు చదవడం రాదు. పుస్తకాన్ని ఒకసారి తిప్పి చూసి, "సరే, నువ్వు సదువుకున్నోడివి. అలాగే ఆడదాం" అన్నారు. ఆ రోజు ఓడిపోయారు. మర్నాడు ఓడిపోయారు. మూడో రోజు వర్క్‌షాపు నుంచి బంట్ల దూకుడు గురించి ఆలోచించుకుంటూ వచ్చారట, అమ్మ చెప్పింది. ఆ రోజూ ఓడిపోయారు. పావులు సంచిలో పోసి మూతికి తాడు కట్టారు. ఆ తర్వాత అరుగు మీద అందరితో ఆడారు గానీ నాతో ఆడలేదు. నేను ఆ మూడు ఆటల సంగతి బడిలో చాటింపు వేసుకున్నాను. పద్నాలుగేళ్ళ బుద్ధి.

1975లో వాయుసేనలో చేరాను. ఎందుకు చేరానంటే, 1965 సెప్టెంబరు 7న కలైకుండా మీద దాడి జరిగిన ఉదయం మా ఇంటి మేడ మీద ఉన్న కుర్రాళ్ళలో నేనొకణ్ణి. మొదటి దాడిలో నేల మీదున్న మన విమానాలు దెబ్బతిన్నాయి. రెండోసారి వచ్చినప్పుడు ఫ్లైట్ లెఫ్టినెంట్ ఆల్‌ఫ్రెడ్ కుక్, ఫ్లయింగ్ ఆఫీసర్ మమ్‌గయిన్ రెండు హంటర్లతో ఎదురు తిరిగారు. ఆ సంగతి ఈ సభలో నాకంటే బాగా తెలిసినవాళ్ళు ఉన్నారు. నేను పొడిగించను.

ఎనభైలలో అస్సాంలో ఒక స్టేషన్‌లో ఉండగా, రాత్రి డ్యూటీలలో కాలక్షేపానికి లైబ్రరీ నుంచి ఒక చెస్ పుస్తకం తెచ్చుకున్నాను. అందులో ఈ ఆట కనబడింది. మొదటి ఎత్తులు చూడగానే నాకు మా అరుగు గుర్తొచ్చింది.

ఆట వరస ఇక్కడ ఇస్తున్నాను. సంచిక అచ్చువేసేవారు దీన్ని మార్చకుండా ఉంచగలరు. గు అంటే గుర్రం, శ శకటు, ఏ ఏనుగు, మం మంత్రి, రా రాజు. పేరు లేనిది బంటు.

1. డి4, గు-ఎఫ్6, 2. సి4, జి6, 3. గు-సి3, డి5, 4. ఇ3, శ-జి7, 5. గు-ఎఫ్3, కోట, 6. సి×డి5, గు×డి5, 7. శ-ఇ2, గు×సి3, 8. బి×సి3, సి5, 9. కోట, సి×డి4, 10. సి×డి4, గు-సి6, 11. శ-బి2, శ-జి4, 12. ఏ-సి1, ఏ-సి8, 13. శ-ఎ3, మం-ఎ5, 14. మం-బి3, ఎఫ్ వరస ఏ-ఇ8, 15. ఏ-సి5, మం-బి6, 16. ఏ-బి5, మం-డి8; 17. గు-జి5, శ×ఇ2, 18. గు×ఎఫ్7, గు-ఎ5. ఇక్కడినుంచి తెలుపు మూడు ఎత్తుల్లో ఆటకట్టు: 19. గు-హెచ్6, రా-హెచ్8, 20. మం-జి8, ఏ×జి8, 21. గు-ఎఫ్7.

ఇప్పుడు నల్లవాడి మొదటి మూడు ఎత్తులు చూడండి. గుర్రం బయటికి వచ్చింది. రెండో ఎత్తులో జి బంటు ఒక్క గడి జరిగింది, శకటుకు చోటు చేయడానికి. ఇది అచ్చంగా మన నాటు నడక. మూడో ఎత్తులో డి బంటు రెండు గడులు దూకింది. ఇది నాటు నడక కాదు. మన ఆటలో ఆ ఎత్తే లేదు. ఇది ఆయన కలకత్తా వచ్చాక నేర్చుకున్నది. పాతదాన్ని పారేయలేదు, కొత్తదాన్ని కాదనలేదు. రెండింటినీ ఒకే ఆరంభంలో పెట్టాడు. ఆ రెండిట్లో ఏ ఒక్కటి లేకపోయినా ఈ ఆరంభం లేదు.

దీని ఉద్దేశం ఏమిటి? నడిమధ్య గడులను ఎదుటివాడికి వదిలేయడం. రానీ, బంట్లు నిలబెట్టుకోనీ. నువ్వు దూరంగా మూలనుంచి శకటుతో ఆ బంట్ల మీద చూపు పెట్టి, ఎనిమిదో ఎత్తులో సి5 అని పక్కనుంచి పొడవడం. చోటు పోయింది కదా అని తెల్లవాడు అనుకుంటాడు, ఆ చోటును కాపాడుకోవడమే వాడికి భారమవుతుంది. ఇన్‌ఫాంట్రీ మిత్రులకు నేను వివరించనక్కరలేదు, ముందు ట్రెంచి ఖాళీ చేసి వెనక ఎత్తు మీదినుంచి కాల్చడం లాంటిది. 1855 నాటికి ఐరోపా పుస్తకాలలో ఇలాంటిది లేదు.

మరి ఆయన ఎందుకు ఓడిపోయాడు? ఆరంభం వల్ల కాదు. పన్నెండో ఎత్తు దాకా నల్లవాడి ఆటలో నాకు తప్పు కనబడదు, అన్ని పావులూ బయట ఉన్నాయి. పదమూడులో కాక్రేన్ శకటును ఎ3కి తెచ్చి ఇ7 బంటు మీద చూపు పెట్టాడు. మహేశ్‌చంద్ర పద్నాలుగులో ఆ బంటుకు కాపుగా ఏనుగును ఎఫ్8 నుంచి ఇ8కి జరిపాడు. నా దృష్టిలో ఆట పోయింది అక్కడ. ఆ ఏనుగు ఎఫ్8లో ఉన్నంతకాలం ఎఫ్7 బంటుకు రాజుతోపాటు ఇంకో కాపలా ఉంది. దాన్ని తీసేశాడు. సెంట్రీని గేటు దగ్గరనుంచి తీసి స్టోరు దగ్గర పెట్టినట్టు. పైగా మంత్రి ఎ5, బి6, మళ్ళీ డి8. మూడు ఎత్తులు ఖర్చుపెట్టి బయల్దేరిన గడికే వచ్చింది. ఆ గడి ఎఫ్7లో వాలే గుర్రానికి సరిగ్గా అందే గడి.

పదిహేడులో కాక్రేన్ గుర్రాన్ని జి5కి దూకించి శకటును ఎదురుగా వదిలేశాడు, కొట్టుకో అని. కొడితే ఆ నల్ల శకటు తెల్లవాడి రెండు ఏనుగులనూ ఒకేసారి పట్టుకుంటుంది. ఎవరికి ఆశ పుట్టదు! కొట్టాడు. గుర్రం ఎఫ్7 మీద పడింది. రాజు దాన్ని కొట్టలేడు, బి3లో ఉన్న మంత్రి ఆ గడిని చూస్తోంది. ఆ తర్వాత జంట చెక్, మంత్రి బలి, తన ఏనుగూ తన బంటూ తన శకటూ చుట్టూ నిలబడి ఉండగానే రాజుకు ఊపిరాడకపోవడం.

ఇంకో మాట. 1848లో, ఇద్దరికీ పరిచయమైన తొలిరోజుల్లోనే, కాక్రేన్ ఒక ఆటలో నాలుగో ఎత్తుకే ఇదే ఎఫ్7 మీద గుర్రాన్ని బలిచ్చాడు. దానికి కాక్రేన్ గాంబిట్ అనే పేరు స్థిరపడింది. 1999లో లినారెస్‌లో తోపలోవ్ దాన్ని క్రామ్నిక్ మీద ఆడి డ్రా చేసుకున్నాడు. అంటే మహేశ్‌చంద్రకు ఆ గుర్రం, ఆ గడి ఏడేళ్ళుగా తెలుసు. తెలిసి కూడా 1855లో ఏనుగును జరిపాడు. దెబ్బ ఎక్కడ తగులుతుందో తెలిసి కూడా మనం కాపలా తీసేస్తాం. ఎందుకని నన్నడిగితే, ఆ క్షణంలో ఇంకో బంటు గురించి భయం పట్టుకుంది కనుక. అంతకంటే పెద్ద కారణం ఉండదు.

సరే, ఆట పోయింది. ఆరంభం ఏమైంది? అరవై ఏడేళ్ళు ఎవరూ పట్టించుకోలేదు. 1922లో వియన్నాలో ఎర్నెస్ట్ గ్రున్‌ఫెల్డ్ అనే మాస్టరు ఇదే వరస పట్టుకుని, తర్వాత ప్రపంచ ఛాంపియన్ అయిన అలెఖిన్‌ను నల్లపావులతో ఓడించాడు. అప్పటినుంచి అది గ్రున్‌ఫెల్డ్ డిఫెన్స్. 1956లో పదమూడేళ్ళ బాబీ ఫిషర్ న్యూయార్క్‌లో డొనాల్డ్ బర్న్ మీద మంత్రిని బలిచ్చి గెలిచిన ఆట, శతాబ్దపు ఆట అని పేరుపడ్డది, ఆ ఆరంభమే. 1986లో కాస్పరోవ్ కార్పోవ్ మీద దాన్ని ఆయుధంగా వాడాడు. 2010లో సోఫియాలో తోపలోవ్‌తో మొదటి ఆటలో మన ఆనంద్ నల్లపావులతో అదే ఆడి ఓడిపోయాడు. తర్వాత కోలుకుని ఆ మ్యాచ్ గెలిచాడు. 2014లో సోచిలో కార్ల్‌సన్ ఆనంద్ మీద మొదటి ఆటలో అదే పెట్టి డ్రా చేశాడు.

గుర్రం ఎఫ్6తో మొదలై మూల శకటుతో నడిచే ఆరంభాల కుటుంబం మొత్తానికి ఇండియన్ డిఫెన్స్ అనే పేరు వచ్చింది కూడా మహేశ్‌చంద్ర ఆటల వల్లనే. 1880లలోనే ఆ మాట అచ్చులో ఉంది. 1920లలో తార్తకోవర్ దాన్ని అందరి నోటా పలికించాడు. ఆ పేరులో దేశం ఉంది, మనిషి లేడు. గ్రున్‌ఫెల్డ్‌ను నేను తప్పుపట్టడం లేదు. ఆయన గెలిచాడు, లోతుగా శోధించాడు, పేరుకు అర్హుడు. ఆయన పేరు తీసేసి మన పేరు పెట్టాలని ఊరేగింపు చేయమని కూడా చెప్పడం లేదు. నాకు అలాంటి గొడవలు నచ్చవు. కానీ ఈ బెంగాలు నేల మీద కూర్చుని చదరంగం పోటీ పెడుతూ ఆ పేరు ఒక్కసారైనా పలకకపోతే బాగుండదని నా మనవి.

ఇంకా కొన్ని పేర్లు వచ్చాయి కమిటీలో. కోనేరు హంపి, హారిక, హరికృష్ణ, వరంగల్ కుర్రాడు అర్జున్ ఇరిగేసి. అందరూ నాకు ఇష్టమే. 2024లో బుడాపెస్ట్ ఒలింపియాడ్‌లో మన పురుషుల జట్టూ, మహిళల జట్టూ రెండూ బంగారు పతకాలు తెచ్చినప్పుడు ఈ ఖరిదాలో మిఠాయి పంచినవాళ్ళలో నేనున్నాను. వాళ్ళు ఇంకా ఆడుతున్నారు. వాళ్ళ పేర్లు వాళ్ళే నిలబెట్టుకుంటున్నారు. మనవాళ్ళలో చాలామందికి తెలియని సంగతి ఇంకొకటి: మన దేశపు మొట్టమొదటి జాతీయ చెస్ పోటీ 1955లో మన ఏలూరులోనే జరిగింది. సాప్రే, వెంకయ్య అనే ఇద్దరు సమానంగా నిలిచి పంచుకున్నారు. కలకత్తా ఆటకు సరిగ్గా నూరేళ్ళు. ఆ పేరు పెట్టినా నాకు అభ్యంతరం లేదు. కానీ నా మొదటి ఓటు మారలేదు.

పంజాబు నుంచి వచ్చిన మీర్ సుల్తాన్ ఖాన్ కూడా నాటు చదరంగం నుంచి కొత్త ఆటకు మారినవాడే. ఒక జమీందారు ఇంట్లో పరివారం మనిషి. 1929, 1932, 1933లలో మూడుసార్లు బ్రిటిష్ ఛాంపియన్ అయ్యాడు. ఆయనకు గ్రాండ్‌మాస్టర్ బిరుదు 2024లో ఇచ్చారు, చనిపోయిన ఎన్నో దశాబ్దాలకు. ఆలస్యమైనా ఇచ్చారు. మహేశ్‌చంద్రకు బిరుదులిచ్చే సంస్థలేవీ అప్పుడు లేవు. మన దగ్గర ఉన్నది ఒక చిన్న కప్పు.

ఇప్పుడు మిగిలింది నా సొంత సంగతి. అస్సాంలో ఆ పుస్తకం చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మహేశ్‌చంద్ర తెల్లవాళ్ళ సూత్రాలు నేర్చుకోవడానికి ఏడేళ్ళు, వందల ఆటలు పట్టాయి. ఓడుతూ నేర్చుకున్నాడు. మా నాన్నకు నేను మూడు సాయంత్రాలిచ్చాను. నా సూత్రాలతో, నా పుస్తకంతో, ఆయన చదవలేని భాషలో.

తర్వాతి సెలవులో ఇంటికి వచ్చినప్పుడు అటక మీదినుంచి సంచి దించాను. నాన్న అప్పటికి రిటైరయ్యారు. కళ్ళజోడు వచ్చింది. "నాన్నా, మన ఆట ఆడదాం. బంటు ఒక్క గడే. కోట లేదు" అన్నాను.

కాసేపు మాట్లాడలేదు. సంచి తాడు ఆయనే విప్పారు. పావులు పేర్చుతూ, "రాజుకు గుర్రం దూకుడు ఒకపాలి ఉంటాది, మర్చిపోకు" అన్నారు.

ఓడిపోయాను. నాటు ఆట నాకు రాదని అప్పుడు తెలిసింది. పుస్తకంలో చదివిన ఆరంభాలేవీ అక్కడ పనికిరావు, దూకడానికి లేదు. ఆయన శకటు మూలన కూర్చుని నా సైన్యాన్ని ఇరవై ఎత్తుల పాటు చూస్తూ కూర్చుంది. రెండో ఆటా ఓడిపోయాను. మూడో ఆట మొదలుపెట్టబోతుంటే అమ్మ అన్నానికి పిలిచింది. అప్పుడు నాన్న, "ఆ రెండు గడుల దూకుడు ఉందే, అది మంచిదేరా. మన ఆటలో కలిపితే బాగుంటాది" అన్నారు. నాకు గొంతులో మాట రాలేదు. ఆయనకు మహేశ్‌చంద్ర పేరు తెలియదు, కలకత్తా ఆట తెలియదు. రాత్రి అన్నం తిన్నాక ఆట మొత్తం ఆ బల్ల మీద పేర్చి చూపించాను. పద్నాలుగో ఎత్తు దగ్గర, నేను చెప్పకముందే, ఏనుగు మీద వేలు పెట్టి, "ఇది కదపకూడదు" అన్నారు.

ఆ తర్వాత రెండేళ్ళకు ఆయన పోయారు. బల్ల నా దగ్గర ఉంది. ఇదిగో, ఈ వేదిక పక్కన టేబులు మీద పెట్టినది అదే. లేతు మీద చేసిన పావుల్లో ఒక నల్ల బంటు పోయింది, దాని బదులు ఒక నట్టు పెట్టాం. పిల్లలు నవ్వకండి, ఆ నట్టు కూడా వర్క్‌షాపుదే.

కమిటీవారికి నా విన్నపం రెండు మాటలు. పేరు విషయం ఓటుకు పెట్టండి, ఏది వచ్చినా నాకు సమ్మతమే. రెండోది, రేపు ఉదయం తొమ్మిదింటికి పన్నెండు బల్లల మీద పోటీ మొదలవుతుంది. పదమూడో బల్లగా మా నాన్న బల్ల పెట్టనివ్వండి. దాని మీద నాటు పద్ధతిలో ఆడదాం. బంటు ఒక్క గడి, కోట లేదు, రాజుకు గుర్రం దూకుడు ఒకపాలి. పోటీలో ఓడిపోయి ఖాళీగా ఉన్న పిల్లలెవరైనా రావచ్చు. అక్కడ నేనుంటాను.